ఊహించని ఇన్‌కమ్‌టాక్స్ డిమాండు: ఏ దశలో ఎవరి దగ్గరికి వెళ్లాలి

కర్నూలు, అనంతపురం, కడప వైపు పన్ను నోటీసు వచ్చినవాళ్లు డబ్బు ఖర్చు పెట్టే తీరు చాలాసార్లు తలకిందులుగా ఉంటుంది. మొదటి నోటీసుకు జవాబు రాయడానికి ఏటా రిటర్న్ వేసే మనిషే చాలనుకుంటారు. ఆ జవాబు చెడి, ఆర్డరు వచ్చి, లక్షల్లో డిమాండు పడ్డాక హైదరాబాద్‌లో పేరున్న లాయరు కోసం పరుగెత్తుతారు. అప్పటికి ఆ లాయరు చేతికి మిగిలేది మొదట్లో ఎవరో రాసిన నాలుగు లైన్లే. అప్పీలులో కొత్త కాగితాలు పెట్టాలంటే రూల్ 46ఏ కింద, అవి ముందే ఎందుకు ఇవ్వలేకపోయామో కారణం చూపాలి. ఆ కారణం సబబుగా తోస్తేనే కాగితాలు చూస్తారు. కాబట్టి మంచి మనిషికి డబ్బు పెట్టాల్సింది మొదటి జవాబు దగ్గర. అయితే అన్ని నోటీసులకూ మనిషి అక్కర్లేదు. ఏది ఏ రకమో తేల్చుకోవడానికి పావుగంట చాలు.

ముందు ఆ కాగితంలో చూడాల్సినవి

నోటీసు అసలుదేనా అన్నది మొదటి పని. 2019 అక్టోబరు 1 నుంచి ఆదాయపు పన్ను శాఖ పంపే కాగితాల మీద డిన్ అనే గుర్తింపు సంఖ్య ఉంటుంది. ఈ-ఫైలింగ్ పోర్టల్ మొదటి పేజీలోనే నోటీసును సరిచూసుకునే లింకు ఉంది. లాగిన్ కూడా అక్కర్లేదు, ఆ సంఖ్య కొడితే చెబుతుంది. వాట్సాప్‌లో "ఈ లింకు నొక్కి పన్ను కట్టండి" అని వచ్చేవి మోసాలే. శాఖ అలా డబ్బు అడగదు.

తర్వాత మూడు విషయాలు ఒక కాగితం మీద రాసుకోండి: సెక్షన్ నంబరు, అసెస్‌మెంట్ సంవత్సరం, జవాబుకు ఆఖరు తేదీ. సంవత్సరం దగ్గర చాలామంది తడబడతారు. అసెస్‌మెంట్ సంవత్సరం 2023-24 అంటే 2022 ఏప్రిల్ నుంచి 2023 మార్చి వరకు వచ్చిన ఆదాయం. బ్యాంకుకు వెళ్లి 2023-24 స్టేట్‌మెంటు తెచ్చుకుంటే వారం వృథా. 2026 ఏప్రిల్ 1 నుంచి కొత్త ఆదాయపు పన్ను చట్టం, 2025 అమల్లోకి వచ్చినా, అంతకు ముందు సంవత్సరాల నోటీసుల్లో 1961 చట్టం సెక్షన్లే ఉంటాయి. ఇక్కడ చెప్పేవన్నీ ఆ పాత నంబర్లే.

గడువులు అన్నిటికీ ఒకటి కాదు. రిటర్న్‌లో లోపం ఉందనే 139(9) నోటీసుకు 15 రోజులు. రిటర్న్‌లో ఫలానా మార్పు చేయబోతున్నాం అని 143(1)(ఏ) కింద అడిగితే 30 రోజులు. ఈ ఏటి రిఫండును పాత బాకీలో కలుపుకుంటామని 245 కింద పంపితే 21 రోజులు. డిమాండు కట్టడానికి 30 రోజులు, అప్పీలుకూ 30 రోజులే. డిమాండు గడువు దాటితే 220(2) కింద నెలకు 1 శాతం వడ్డీ. నెలలో ఒక్క రోజు గడిచినా నెల మొత్తం లెక్క.

ఇంకో చిక్కు ఉంది. పోర్టల్లో మీ ఖాతాలో పెడితే నోటీసు మీకు చేరినట్టే. ఆ ఖాతాలో ఎవరి ఫోను నంబరు, ఎవరి ఈ-మెయిలు ఉన్నాయో చూడండి. రిటర్న్ వేసిన చోట సొంత నంబరు, సొంత మెయిలు పెట్టేసుకోవడం ఈ ఊళ్లలో మామూలు. ఒకే మెయిలుకు కొన్ని వందల మంది నోటీసులు వచ్చి పడుతుంటాయి, వాటిలో మీది ఏ మూలో ఉంటుంది. "హఠాత్తుగా వచ్చిన డిమాండు" అనుకునే వాటిలో చాలా వాటికి వెనక జవాబు లేని నోటీసులు రెండు మూడు ఉంటాయి. పోర్టల్లో ప్రొఫైల్ తెరిచి ఈ రెండూ మీవిగా మార్చుకోవడం ఎవరిని పెట్టుకున్నా ముందు చేయాల్సిన పని.

ఎవరూ అక్కర్లేనివి

బెంగళూరు సీపీసీ (రిటర్న్‌లు సరిచూసే శాఖ కేంద్రం) నుంచి 143(1) కింద వచ్చే ఇంటిమేషన్ చాలా వరకు కంప్యూటర్ లెక్క. ఆ పీడీఎఫ్‌లో రెండు నిలువు వరుసలుంటాయి: ఒకటి మీరు వేసిన లెక్క, రెండోది శాఖ వేసిన లెక్క. పై నుంచి కిందికి వేలు పెట్టి చూస్తూ పోతే అంకె ఏ లైనులో విడిపోయిందో దొరుకుతుంది. అది దొరికితే సగం పని అయినట్టే.

టీచర్లకు, ఇతర ప్రభుత్వ ఉద్యోగులకు ఎక్కువగా విడిపోయే చోట్లు రెండు. ఒకటి సెక్షన్ 89 ఊరట. డీఏ, పీఆర్‌సీ బకాయిలు ఒకేసారి వచ్చినప్పుడు ఆ ఊరట అడగాలంటే రిటర్న్ కంటే ముందు పోర్టల్లో ఫారం 10ఈ వేయాలి. అది వేయకుండా రిటర్న్‌లో అంకె మాత్రం రాస్తే సీపీసీ దాన్ని కొట్టేస్తుంది, ఆ మేరకు డిమాండు పడుతుంది. రెండోది టీడీఎస్. జీతంలో కోత పడింది, ఫారం 16 చేతికి వచ్చింది, కానీ మీ పాన్ మీద జమైన పన్నును చూపే 26ఏఎస్‌లో ఆ డబ్బు లేదు. మీ డీడీఓ (జీతం బిల్లు పెట్టే అధికారి) ఆ త్రైమాసికపు 24క్యూ, అంటే జీతాల్లో కోసిన పన్ను స్టేట్‌మెంటు, వేయకపోయినా, మీ పాన్‌లో ఒక అక్షరం తప్పు కొట్టినా ఇలాగే అవుతుంది. ఫారం 16లో పార్ట్ ఏ శాఖ టీడీఎస్ వెబ్‌సైటు ట్రేసెస్ నుంచి దిగిందో, చేత్తో టైపు చేసిందో చూడండి. టైపు చేసిందయితే 24క్యూ మీదే అనుమానం పెట్టుకోవచ్చు. దీనికి పెద్ద వాదన అక్కర్లేదు. డీడీఓ చేత సవరణ స్టేట్‌మెంటు వేయించి, 26ఏఎస్‌లో కనిపించాక పోర్టల్లో సెక్షన్ 154 కింద రెక్టిఫికేషన్ (తప్పు దిద్దమనే దరఖాస్తు) పెడితే పోతుంది. డీడీఓ కదలకపోతే, జీతంలో కోసిన పన్నును మళ్లీ ఉద్యోగి నుంచి వసూలు చేయకూడదని సెక్షన్ 205 చెబుతోంది. పే స్లిప్పులు, జీతం పడిన బ్యాంకు స్టేట్‌మెంటు జతచేసి ఆ మాట రాయండి.

రెక్టిఫికేషన్ పెట్టడానికి ఆర్డరు వచ్చిన ఆర్థిక సంవత్సరం ముగిశాక నాలుగేళ్ల వరకు వ్యవధి ఉంది. ఆ వ్యవధి చూసి అప్పీలు వదిలేయడం పొరపాటు. రెక్టిఫికేషన్ పెట్టినంత మాత్రాన అప్పీలు 30 రోజులు ఆగవు. కాగితం చూడగానే కనిపించే తప్పుకే 154 పనికొస్తుంది. వాదించి నిరూపించాల్సిన సంగతైతే అక్కడ తిప్పి పంపుతారు, ఈలోపు అప్పీలు గడువు అయిపోయి ఉంటుంది.

డిమాండుకు స్పందించే పేజీలో "డిమాండు సరైనదే" అనే మాట ఉంటుంది. తొందరలో దాన్ని నొక్కితే తర్వాత కాదనే వీలు పోర్టల్లో ఉండదు. డౌటుంటే ముట్టుకోకండి.

బాగా పాత డిమాండయితే కట్టే ముందు ఒకటి చూడండి. 2024 జనవరి 31 నాటికి బాకీ ఉన్న చిన్న డిమాండ్లను ప్రభుత్వం మాఫీ చేసింది: అసెస్‌మెంట్ సంవత్సరం 2010-11 వరకు ఒక్కోటి 25,000 రూపాయల దాకా, 2011-12 నుంచి 2015-16 వరకు ఒక్కోటి 10,000 దాకా, ఒకరికి మొత్తం మీద లక్ష లోపు.

వీటిలో ఎక్కడైనా ఆగిపోతే ఈ-ఫైలింగ్ హెల్ప్‌లైన్ 1800 103 0025 ఉంది. రెక్టిఫికేషన్ పెట్టబోతే మీ ఫైలు స్థానిక అధికారికి బదిలీ అయిందని కనిపిస్తే మాత్రం కథ మారుతుంది. అప్పుడు మీ వార్డు ఐటీఓకు (ఆదాయపు పన్ను అధికారికి) కాగితం ఇవ్వాలి, వెంటపడాలి. దూరాన ఉండే ఆన్‌లైన్ కంపెనీ కంటే మీ ఊళ్లోని మనిషి అక్కడ పనికొస్తాడు.

కన్సల్టెంటు

మన ఊళ్లలో రిటర్న్ వేసే ప్రతి మనిషీ "ఆడిటరే". నోటీసు చేతిలో ఉన్నప్పుడు ఆ పిలుపుతో సరిపెట్టుకోకండి, సీఏనా కాదా అని సూటిగా అడగండి. సీఏల సంస్థ ఐసీఏఐ ఇచ్చే సభ్యత్వ సంఖ్య అడిగితే అసలు సీఏ ఎవరూ చిన్నబుచ్చుకోరు. సీఏ కాకపోయినా తప్పేం లేదు. సెక్షన్ 288 ప్రకారం సీఏలు, లాయర్లే కాదు, తగిన డిగ్రీ ఉన్న టాక్స్ ప్రాక్టీషనర్లు, మీ దగ్గర జీతానికి పనిచేసే ఉద్యోగి, చివరికి మీ బంధువు కూడా మీ తరఫున హాజరు కావచ్చు. బీకాం చదివిన కొడుకో కోడలో ఉంటే చిన్న కేసుకు వాళ్లే చాలు.

కన్సల్టెంటు నిజంగా పనికొచ్చేది 139(9) లోపాలు సరిచేయడానికి, ఏఐఎస్‌లో (మీ పాన్ మీద శాఖకు చేరిన లావాదేవీల పట్టికలో) తప్పుగా పడిన లావాదేవీకి ఫీడ్‌బ్యాక్ పెట్టడానికి, టీడీఎస్ తేడాలకు, రెక్టిఫికేషన్‌కు. ఏటా పదుల కొద్దీ చేస్తుంటారు కాబట్టి చేయి తిరిగి ఉంటుంది, ఫీజు కూడా తక్కువ.

ఒక్క కేసులో మాత్రం ఆ మనిషి దగ్గరికి వెళ్లకూడదు: తప్పు ఆ మనిషే వేసిన రిటర్న్‌లో ఉన్నప్పుడు. లేని ఇంటద్దె, ఇవ్వని పార్టీ విరాళం, వికలాంగుల మినహాయింపు చూపించి రిఫండు తెప్పించి, అందులో వాటా తీసుకోవడం ఉద్యోగుల మధ్య బాగా పాకిన జబ్బు. 2025 జూలైలో శాఖ దేశమంతటా ఇలాంటి రిటర్న్‌లు వేసేవాళ్ల మీద సోదాలు చేసింది. నోటీసు వస్తే జరిమానా పడేది సంతకం మీదే, అంటే మీ మీదే. తక్కువ చూపినందుకు 270ఏ కింద ఆ పన్ను మీద 50 శాతం, కావాలని తప్పు చూపినట్టు తేలితే 200 శాతం. ఆ జవాబును ఆ మనిషి చేతే రాయిస్తే తన తప్పు కప్పుకోవడానికే రాస్తాడు, దొంగ రసీదు పుట్టించినా పుట్టిస్తాడు. అప్పుడు 50 కాస్తా 200 అవుతుంది. నోటీసు ఇంకా రాకముందే తెలివొస్తే వేరేవాళ్ల చేత అప్‌డేటెడ్ రిటర్న్ (పాత తప్పు దిద్దే రిటర్న్) వేయించుకోవచ్చు. పన్ను, వడ్డీల మీద అదనంగా, అసెస్‌మెంట్ సంవత్సరం ముగిశాక మొదటి ఏడాదిలో 25 శాతం, రెండో ఏడాదిలో 50, మూడో ఏడాదిలో 60, నాలుగో ఏడాదిలో 70 శాతం. తక్కువేమీ కాదు గానీ, 200 కంటే నయం.

సీఏ ఎప్పుడు తప్పనిసరి

కాగితం మీద 143(2), 142(1), 148ఏ, 148 అనే నంబర్లు కనబడితే ఇక సొంత ప్రయత్నం ఆపేయండి. ఈ నోటీసులు మీ లెక్కలను లైను లైనుగా సరిచూడటానికి, లేదా పాత సంవత్సరాన్ని తిరగదోడటానికి. 148ఏ కింద వచ్చిన షోకాజ్ నోటీసుకు జవాబు బాగుంటే కేసు అక్కడే ముగుస్తుంది, అసలు తెరుచుకోదు.

డబ్బు లెక్క చూస్తే సంగతి తెలుస్తుంది. ఆదోనిలో ఒక కిరాణా దుకాణం అనుకుందాం. ఎప్పుడూ రిటర్న్ వేయలేదు, ఒక ఏడాదిలో సేవింగ్స్ ఖాతాలో 14 లక్షల నగదు జమ అయింది. ఏడాదికి 10 లక్షలు దాటిన నగదు జమను బ్యాంకే శాఖకు చెబుతుంది, నోటీసు వస్తుంది. జవాబు ఇవ్వకపోయినా, "కష్టపడి సంపాదించుకున్నది" అని ఒక్క ముక్క రాసినా, మొత్తం 14 లక్షలను 69ఏ కింద లెక్క తేలని సొమ్ముగా చూడొచ్చు. దాని మీద 115బీబీఈ కింద 60 శాతం పన్ను, ఆ పన్ను మీద 25 శాతం సర్‌ఛార్జి, 4 శాతం సెస్సు. కలిపితే 78 శాతం, అంటే 10,92,000 రూపాయలు. వడ్డీ, జరిమానా వేరే. అదే జమను తెలిసిన సీఏ దుకాణం అమ్మకాలుగా నిలబెడితే, చిన్న వ్యాపారాలకు అంచనా లాభం మీద లెక్కేసే 44ఏడీ కింద 8 శాతం లాభం లెక్కన ఆదాయం 1,12,000. అది పన్ను పడని పరిమితికి బాగా కింద ఉంటుంది. అవే అంకెలు, అదే బ్యాంకు పుస్తకం. తేడా అంతా జవాబులో ఉంది.

నిలబెట్టడానికి మాటలు చాలవు. హోల్‌సేల్ వ్యాపారి దగ్గర మీ పేరున్న ఖాతా నకలు, కొనుగోలు బిల్లులు, దుకాణం అద్దె కాగితం, ట్రేడ్ లైసెన్సు, కరెంటు బిల్లు కావాలి. మంచి సీఏ మొదట చేసే పని జమలను తేదీల వారీగా పట్టికగా వేయడం. వారం వారం ఇరవై, ముప్పై వేలు పడుతూ ఉంటే అది వ్యాపారమని చూడగానే తెలుస్తుంది. ఒకే రోజు ఆరు లక్షలు పడి ఉంటే దానికి వేరే వివరణ కావాలి. ఖాతాలోంచి తీసిన నగదే మళ్లీ వేసినవి ఎన్ని ఉన్నాయో కూడా ఆ పట్టికలో తేలుతుంది. ఆ మేరకు తగ్గించమని అడగొచ్చు.

రైతు అయితే కాగితాలు మారతాయి. 1బీ, అడంగల్, ఈ-పంట నమోదు, యార్డులో కమీషన్ ఏజెంటు ఇచ్చిన పట్టీలు. పట్టీ తేదీకి, బ్యాంకులో జమ తేదీకి పొంతన ఉండాలి. శనక్కాయలు నవంబరులో అమ్మి జమ జూన్‌లో చూపిస్తే మధ్యలో ఆ డబ్బు ఎక్కడుందని అడుగుతారు. వ్యవసాయ ఆదాయానికి పన్ను లేదు, నిజమే, కానీ ఆ ఏడాది వేసిన రిటర్న్‌లో చూపించకుండా నోటీసు వచ్చాక చెబితే అధికారి అంత తేలిగ్గా నమ్మరు.

తెలియక రాసే జవాబుల్లో అన్నిటికంటే ఖరీదైనది "చేబదులు తెచ్చాను" అనేది. అయిదు లక్షలు బావమరిది దగ్గర నగదుగా తెచ్చానని రాసి, అతని చేత ఉత్తరం కూడా ఇప్పిస్తారు. 69ఏ నుంచి బయటపడినా 269ఎస్ఎస్‌లో ఇరుక్కుంటారు: 20,000 అంతకు మించి నగదుగా అప్పు తీసుకోకూడదు, తీసుకుంటే 271డీ కింద ఆ అప్పంత జరిమానా. అయిదు లక్షలకు అయిదు లక్షలు. ఇచ్చినవారికీ పుచ్చుకున్నవారికీ ఇద్దరికీ వ్యవసాయ ఆదాయం ఉండి, ఇద్దరికీ పన్ను పడే ఆదాయం లేకపోతే దీనికి మినహాయింపు ఉంది. ఈ ఒక్క సంగతి మొదటి భేటీలో సీఏ అడుగుతున్నారా లేదా చూడండి, ఆ మనిషికి ఈ పని ఎంత తెలుసో అర్థమైపోతుంది. భూమి అమ్మకంలో అడ్వాన్సుగా నగదు తీసుకున్నానని చెప్పినా ఇదే ఉచ్చు.

పొలం అమ్మినప్పుడు వచ్చే డిమాండు కూడా సీఏ పనే. పట్టణానికి దూరంగా ఉన్న సాగుభూమిని అమ్మితే క్యాపిటల్ గెయిన్స్ పన్ను లేదు. ఎంత దూరమన్నది పట్టణ జనాభాను బట్టి ఉంటుంది. పది వేలు దాటి లక్ష వరకు ఉంటే మున్సిపల్ హద్దు నుంచి 2 కిలోమీటర్లు, లక్ష దాటి పది లక్షల వరకు ఉంటే 6, ఆపైన 8. 2011 జనాభా లెక్కల ప్రకారం కర్నూలు, అనంతపురం, కడప, ఆదోని, ప్రొద్దుటూరు అన్నీ 6 కిలోమీటర్ల కిందికి వస్తాయి. కదిరి లక్ష దాటలేదు, అక్కడ 2. కొలిచేది రోడ్డు మీద కాదు, ఆకాశంలో గీత గీసినట్టు నేరుగా. అది కూడా కార్పొరేషన్ హద్దు నుంచే కానీ అనంతపురం క్లాక్ టవర్ నుంచి కాదు. తహసీల్దారు ఇచ్చే దూరం సర్టిఫికెట్టులో రోడ్డు దూరం రాసి ఉంటే వాపసు ఇచ్చి సరిగా రాయించుకోండి.

ఇంకొక మాట. స్క్రూటినీ, అంటే రిటర్న్‌ను లోతుగా సరిచూడటం, ఇప్పుడు 144బీ కింద ఫేస్‌లెస్‌గా జరుగుతుంది. మీ కేసు చూసే అధికారి ఏ ఊళ్లో ఉన్నారో మీకూ తెలియదు, మీ సీఏకూ తెలియదు. "ఐటీ ఆఫీసులో మనవాళ్లున్నారు, మాట్లాడి సెటిల్ చేస్తా" అనే మనిషి ఆ మాటతోనే తన పనితనం చెప్పేసుకున్నట్టు. ఇక్కడ గెలిచేది అప్‌లోడ్ చేసిన పీడీఎఫ్. ఒక్కో ఫైలు 5 ఎంబీ దాటకూడదు. ఫోనుతో తీసిన అడంగల్ ఫొటోలు అడ్డదిడ్డంగా పెడితే అధికారి చదవలేరు, చదవనిది లేనట్టే. జవాబు పంపేటప్పుడు పార్షియల్, ఫుల్ అని రెండు ఎంపికలుంటాయి. ఇంకా కాగితాలు రావాల్సి ఉంటే పార్షియలే ఎంచుకోవాలి, ఫుల్ నొక్కితే మిగతావి పెట్టే దారి మూసుకుపోతుంది. గడువు చాలకపోతే ఆ తేదీ దాటకముందే అక్కడే వాయిదా అడగొచ్చు. జోడించబోయే ఆదాయం గురించి షోకాజ్ వస్తే వీడియో హియరింగ్ అడగడం మీ హక్కు.

లాయరు ఎక్కడ అవసరం

పన్ను లాయరు కాగితాల కంటే చట్టం మీద పనిచేస్తారు. నోటీసు కాలపరిమితి దాటి వచ్చిందా, ఇచ్చిన అధికారికి ఆ అధికారం ఉందా, మీ మాట వినకుండానే ఆర్డరు వేశారా అన్న ప్రశ్నలు ఉంటే లాయరుకు పెట్టిన డబ్బు దండగ కాదు. 2024 సెప్టెంబరు 1 తర్వాత వచ్చే 148 నోటీసులకు అసెస్‌మెంట్ సంవత్సరం ముగిశాక మూడేళ్ల మూడు నెలలే గడువు. తప్పించుకున్న ఆదాయం 50 లక్షలు, ఆపైన అయితేనే అయిదేళ్ల మూడు నెలలు. ఈ తేదీలు మీరే లెక్కేసి చూడొచ్చు. దాటినట్టు అనిపిస్తే జవాబు రాసే ముందే లాయరుకు చూపించండి.

అప్పీలు మెట్లలో ఎవరికి ఎక్కడ చోటుందో తెలిస్తే ఖర్చు తేలిక. మొదటి అప్పీలు ఫారం 35లో ఆన్‌లైన్‌లో వెళ్తుంది. ప్రభుత్వ ఫీజు 250 నుంచి 1,000 రూపాయల లోపే. ఇక్కడ లెక్కల గొడవయితే మీ సీఏనే చాలు. దానిపైన ట్రిబ్యునల్, రాయలసీమ కేసులు హైదరాబాద్ బెంచిలో నడుస్తాయి. సీఏలు కూడా అక్కడ వాదించవచ్చు, రోజూ అక్కడే ఉండేవాళ్లకు మాత్రం ఆ బెంచి అలవాట్లు బాగా తెలుస్తాయి. అమరావతిలో హైకోర్టులో మీ తరఫున వాదించాలంటే లాయరే కావాలి, సీఏకు వీలు లేదు. రిట్ (అప్పీలు మెట్లు దాటేసి నేరుగా హైకోర్టులో పిటిషన్) వేస్తామని మొదటి రోజే అనే లాయరును మాత్రం కాస్త ఆగి ప్రశ్నించండి. అప్పీలు దారి ఉండగా రిట్ ఎందుకని కోర్టే అడుగుతుంది.

అప్పీలు వేసినంత మాత్రాన వసూలు ఆగదు. విడిగా స్టే అడగాలి. శాఖ 2017 జూలై 31 నాటి ఆదేశం ప్రకారం మామూలుగా వివాదంలో ఉన్న డిమాండులో 20 శాతం కడితే అప్పీలు తేలే వరకు మిగతాది ఆపుతారు. ఫేస్‌లెస్ అప్పీళ్లు ఏళ్లు పట్టడం మామూలు కాబట్టి ఆ 20 శాతాన్ని ఖర్చు లెక్కలో కలుపుకోండి. స్టే అడగకుండా అప్పీలు మాత్రం వేసి ఊరుకుంటే, తర్వాతి ఏటి రిఫండు 245 కింద పోతుంది, ఒక్కోసారి బ్యాంకు ఖాతా కూడా అటాచ్ అవుతుంది.

అప్పీలుకు ముందు ఆలోచించాల్సిన ఎదురు దారి ఒకటుంది, దీన్ని ఎవరూ ముందుగా చెప్పరు. ఆర్డరులో మీ తప్పు ఉన్న మాట నిజమై, అది తక్కువ చూపడం మాత్రమే అయితే, గడువులోగా పన్ను, వడ్డీ కట్టి, అప్పీలు వేయకుండా, ఆర్డరు అందిన నెల ముగిశాక నెల లోపు ఫారం 68 పెడితే 270ఏఏ కింద జరిమానా నుంచి ఊరట దొరుకుతుంది. అప్పీలు వేశారా, ఈ దారి మూసుకుంటుంది. ఓడిపోయే అప్పీలుకు ఫీజు తీసుకోవడం ఎవరికైనా తేలికే, కాబట్టి ఈ రెండు దారుల లెక్కా పక్కపక్కన వేసి చూపించమని అడగండి.

ఆన్‌లైన్ సేవలు

ఫోన్లలో కనిపించే ఫైలింగ్ కంపెనీలు 143(1), టీడీఎస్ తేడా, షేర్ల అమ్మకం లెక్కలకు బాగానే ఉంటాయి. ఒకే మెయిలులో పని అయిపోతుంది. అడంగల్ ఏమిటో, యార్డు పట్టీ ఎలా ఉంటుందో తెలియని మనిషి చేత రైతు నగదు జమకు జవాబు రాయించడం మాత్రం మంచిది కాదు.

ఫీజు మాట్లాడుకునే తీరు

కేసు మొత్తానికి ఇంత అని గంపగుత్తగా ఒప్పుకోకండి. నోటీసు జవాబుకు ఇంత, హియరింగ్ వస్తే ఇంత, అప్పీలు వేయడానికి ఇంత, స్టే పిటిషన్‌కు ఇంత అని మెట్టు మెట్టుకూ విడదీయించి, వాట్సాప్‌లోనైనా రాతలో తీసుకోండి. కేసు మొదటి జవాబుతోనే ముగిసిపోతే మిగతాది మీకు మిగులుతుంది. జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉన్న సీఏ బిల్లు మీద 18 శాతం అదనంగా వస్తుంది. వ్యాపారం లేని మామూలు మనిషికి లాయరు ఫీజు మీద ఆ పన్ను ఉండదు.

తగ్గించిన దాంట్లో ఇంత శాతం ఇవ్వండి అనే పద్ధతి సీఏలకు వాళ్ల చట్టం ప్రకారం, లాయర్లకు బార్ కౌన్సిల్ నియమాల ప్రకారం నిషేధం. ఇద్దరూ ప్రకటనలతో కేసులు పిలవకూడదు కూడా. "డిమాండు జీరో గ్యారంటీ" అని ఫేస్‌బుక్‌లో కనిపించేవాళ్లు ఎవరో దీన్నిబట్టి ఊహించుకోండి.

మొదటి భేటీకి నోటీసు ప్రింటు, ఆ సంవత్సరపు ఏఐఎస్, 26ఏఎస్, వేసిన రిటర్న్, అన్ని ఖాతాల స్టేట్‌మెంట్లు తీసుకెళ్లండి. అన్ని అంటే అన్నీ. భార్య పేరుతో కలిపి ఉన్న ఉమ్మడి ఖాతా, మూసేసిన సొసైటీ ఖాతా కూడా. సీఏ దగ్గర దాచిన ఖాతా అధికారి దగ్గర బయటపడితే అప్పటిదాకా రాసిన జవాబంతా తేలిపోతుంది. పాస్‌వర్డు మాత్రం ఇవ్వనక్కర్లేదు. ఈ-ప్రొసీడింగ్స్‌లోనే అధీకృత ప్రతినిధిగా ఆ మనిషిని చేర్చే వీలుంది. పంపిన ప్రతి జవాబు నకలు, అక్నాలెడ్జ్‌మెంటు మీ మెయిలుకు తీసుకోండి.

నోటీసు జీఎస్టీది అయితే పైన చెప్పిన గడువులు నమ్ముకోకండి. అక్కడ అప్పీలుకు మూడు నెలలు, కారణం చూపిస్తే ఇంకో నెల, అంతే. ఆదాయపు పన్నులో ఆలస్యానికి తగిన కారణం చూపితే మన్నించే అధికారం ఉంది, జీఎస్టీలో ఆ నెల దాటితే అప్పీలు అధికారి ఏమీ చేయలేరు. వివాదంలో ఉన్న పన్నులో 10 శాతం ముందే కట్టాలి. రోజూ జీఎస్టీ పని చేసేవాళ్ల దగ్గరికే వెళ్లండి.

మధ్యలో మనిషిని మార్చాల్సి వస్తే భయపడక్కర్లేదు. పాత ప్రతినిధిని పోర్టల్లో తీసేసి కొత్తవారిని చేర్చొచ్చు, ఎవరి అనుమతీ అక్కర్లేదు. పాత మనిషి కాగితాలు ఇవ్వకపోయినా అప్‌లోడ్ చేసినవన్నీ మీ లాగిన్‌లోనే ఉంటాయి. కొత్త మనిషి చేత ముందుగా పాత జవాబు పూర్తిగా చదివించండి. అందులో రాసిన మాటకు విరుద్ధంగా రెండో జవాబు వెళ్తే అధికారి రెండిటినీ పక్కన పెడతారు. పాత జవాబులో తప్పుంటే అది తప్పని ఒప్పుకుంటూ, ఎందుకు జరిగిందో చెబుతూ, అవసరమైతే అఫిడవిట్‌తో సరిచేయాలి. ఆ సవరణ ఆర్డరు రాకముందే ఫైలులోకి వెళ్లాలి.